పేరు లేని సీసా

సైదమ్మకు కిటికీలో ఒక కోతి కనిపించిందంటే దాని వెనకాల ఇరవై ఉన్నట్టే. ఆమె మనసు అట్లాగే లెక్క వేస్తుంది. బిడ్డ ఎక్కిన బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే పాల్వంచ దారిలో బొగ్గు లారీ అడ్డంగా పడినట్టే. మొగుడు బాబూరావు డ్యూటీలో ఉండి ఫోన్ ఎత్తకపోతే గనిలో మట్టికట్ట జారినట్టే. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. చెడ్డదాన్ని మనమే ముందు అనేసుకుంటే దానికి సిగ్గేసి గడప దాకా వచ్చి కూడా వెనక్కి పోతుందని ఆమె నమ్మకం. ఏడో తరగతితో ఆగిపోయిన చదువులో ఈ పాఠం లేదు. తండాలో తల్లి దగ్గర నేర్చుకున్నది.

ఆ శుక్రవారం మధ్యాహ్నం మాత్రం చెడ్డదాన్ని అనుకోవడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

మణుగూరు బస్టాండు వెనక వీధిలో, రక్తం మూత్రం లాంటివి తీసుకుని ఖమ్మంలోని పెద్ద ల్యాబుకు పంపే చిన్న సెంటర్ ఒకటి ఉంది. సైదమ్మ అందులో నాలుగేళ్లుగా పని చేస్తోంది. ఊడ్చడం, తుడవడం, వచ్చినవాళ్లను వరుసగా కూర్చోబెట్టడం, సీసాలకు పేర్ల స్టిక్కర్లు అంటించడం ఆమె పని. రక్తం తీసేది, కంప్యూటర్ చూసేది జోయెల్. గోడకు అవతలి పక్క దవాఖానా. అక్కడికి వారానికి ఒక్కసారి, శుక్రవారం నాడు, ఆపరేషన్ల డాక్టర్ వస్తాడు. ఆ రోజు ఆయన బల్ల మీద పడుకున్నది సైదమ్మ బిడ్డ సోని.

సోనికి పంతొమ్మిదేళ్లు. పాల్వంచలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. రెండు నెలల కిందట దవడ కింద మెడలో చింతగింజంత గడ్డ లేచింది. ఇప్పుడది ఉసిరికాయంత అయింది. పోయిన వారం డాక్టర్ దాన్ని వేలితో అటూ ఇటూ కదిపి చూసి, "టీబీ గడ్డ కావచ్చు, ఇంకోటి కావచ్చు. ముక్క తీసి పంపితే తెలుస్తది" అన్నాడు.

టీబీ అంటే సైదమ్మకు తెలుసు. ఆరు నెలలు మందులు మింగితే తగ్గుతుంది, తమ తండాలోనే ముగ్గురికి తగ్గింది. ఆ 'ఇంకోటి' అన్న మాటే వారం రోజులుగా ఆమె గొంతులో చేపముల్లులా అడ్డం పడి ఉంది. అది ఏమిటని డాక్టర్ని అడగలేదు. అడిగితే ఆయన దానికి పేరు పెడతాడు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు సోనిని లోపలికి తీసుకుపోయారు. వెంట వెళ్లిన సైదమ్మ వణుకు చూసి నర్సు బయటికి నెట్టినంత పని చేసింది. "నువ్వు గిట్ల వణుకుతుంటే పిల్ల ఇంకా భయపడ్తది. పో, పోయి నీ సెంటర్ల కూసో. చిన్న కోతనే, అరగంట."

సెంటరుకు వచ్చేసరికి జోయెల్ చెప్పులు వేసుకుంటున్నాడు. "నేను పోయి ముక్క సీసా తెస్త అక్కా. మూడున్నరకు సీసాలు తీస్కపోయే గోప్యా బండి వస్తది. గియ్యాల పోతే మంగళవారం రిపోర్టు. గియ్యాల పోకపోతే ముక్క సీసాలు మళ్ల శుక్రవారం బండిలనే. అంటే ఇంకో వారం."

"ఇంకో వారమా?"

"పోతది లే. ఎందుకు పోదు? నువ్వు జర ఇక్కడ చూసుకో."

అతను వెళ్లాక సైదమ్మ ఒక్కతే మిగిలింది. గోడకు చెవి ఆనించింది. అవతల ఏదో ఇనుము పళ్లెంలో పడిన చప్పుడు. మళ్లీ నిశ్శబ్దం. అరుపు వినిపించినా భయమే, వినిపించకపోయినా భయమే. సరిగ్గా అప్పుడే వెనక గదిలో గరగరమని చప్పుడైంది.

కోతులు. మణుగూరు చుట్టూ అడవే. తినడానికి అడవిలో ఏమీ మిగలక అవి ఇళ్ల మీద పడుతున్నాయి. పోయిన వారం వెనక కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి గోడకున్న ఛార్జర్ పీక్కుపోయాయి. ఇప్పుడు ఒక పెద్ద కోతి చువ్వ పట్టుకుని వేలాడుతూ, కిటికీ గట్టు మీద ఉన్న ఇంటర్నెట్ డబ్బా కొమ్ము అందుకోబోతోంది. సైదమ్మ చీపురు ఎత్తింది. అది పళ్లికిలించింది. చీపురు నేలకేసి కొడితే రెండడుగులు వెనక్కి జరిగి గోడ మీద కూర్చుంది. పోలేదు.

ఈ డబ్బా పోతే సెంటరే ఆగిపోతుందని జోయెల్ చాలాసార్లు చెప్పాడు. నెట్టు లేకపోతే పేరు ఎక్కదు, పేరు ఎక్కకపోతే సీసా పోదు. ఈ రోజు పోవలసింది తన బిడ్డ సీసా. సైదమ్మ చుట్టూ చూసింది. మూలన పాత ఇనప బీరువా ఉంది, దాని వెనకాల తుప్పు తిని పడిన కంత ఉంది. డబ్బాకున్న మూడు వైర్లు ఏది ఎక్కడిదో వేళ్ల మీద గుర్తు పెట్టుకుని ఊడదీసింది. వాటిని బీరువా కంతలోంచి లోపలికి లాగింది. డబ్బాను కింది అరలో దూది కట్టల మధ్య పెట్టి మళ్లీ అట్లాగే గుచ్చింది. లైట్లు ఒకటొకటిగా వెలిగాయి. తలుపు మూసి తాళం వేసి తాళంచెవి బొడ్లో దోపుకుంది. ఇక కోతుల తాత వచ్చినా ముట్టుకోలేడు.

వారం రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు కాస్త ఊపిరి ఆడినట్టయింది.

జోయెల్ వచ్చేసరికి రెండు దాటింది. చేతిలో నీలం మూత సీసా. అందులో నీళ్లలాంటి మందులో లేత గులాబీ రంగు ముక్క తేలుతోంది, చిక్కుడుగింజకంటే చిన్నది. సైదమ్మ దాన్ని చూడగానే తల తిప్పుకుంది. మళ్లీ చూసింది. అంతంత పిల్లను తొమ్మిది నెలలు మోసి కంటే, అందులోంచి కోసి ఇంత సీసాలో వేసి ఇస్తారా!

"బిడ్డ?"

"మంచిగనే ఉంది. కళ్లు తెరిచి 'మా యాడి ఏడుస్తుందా' అని అమ్మ గురించే నన్ను అడిగింది. కట్టు కట్టి పండబెట్టిండ్రు, నాలుగు గంటలకు పంపిస్తరట." జోయెల్ కుర్చీ లాక్కుని కంప్యూటర్లో సోని పేరు, వయసు కొట్టి, ప్రింట్ నొక్కాడు. స్టిక్కర్ల మిషన్ వైపు చెయ్యి చాపాడు, రాబోయే దాన్ని అందుకోవడానికి.

రాలేదు.

మళ్లీ నొక్కాడు. గోడవారగా బెంచీ మీద కూర్చుని ఉన్న బొజ్జయ్య తాత మెడ చాచి చూశాడు. ఆయన అడవిలోని గూడెం నుంచి ఒంటిగంట బస్సుకు వచ్చి, దగ్గి, కళ్లె ఎర్రమూత డబ్బాలో ఇచ్చి, చీటీ కోసం కూర్చున్నాడు.

"తాతా, నీది కొట్టి చూస్త ఉండు" అని జోయెల్ బొజ్జయ్య పేరుతో నొక్కాడు. అదీ రాలేదు. మళ్లీ సోనిది. మళ్లీ బొజ్జయ్యది. మిషన్ మీద నీలం లైటు మాత్రం ఆగకుండా మినుకు మినుకుమంటోంది. దాన్ని చూస్తుంటే దవాఖానాలో ఒక ముసలాయన గుండె దగ్గర పెట్టిన మిషన్ గుర్తొచ్చింది సైదమ్మకు. అది ఆగిన రోజునే ఆయన పోయాడు.

"ఏమైంది సారూ?"

"నెట్టుకు కలుస్తలేదు."

"నెట్టు పోయిందా?"

"నెట్టు ఉన్నది. కంప్యూటర్ల మంచిగ ఉంది. దీనికే ఏదో రోగం పుట్టింది."

రోగం అన్న మాటకు సైదమ్మ సీసాను బల్ల అంచు నుంచి లోపలికి జరిపింది. "చేతితోని రాస్తే?"

"చేతిరాత సీసాలు వాపస్ పంపుతరు అక్కా. మందు కారి సిరా అలుక్కుపోయి పోయిన నెల ఒకరిది ఇంకొకరికి పోయిందట. అప్పటి సంది గీతల స్టిక్కర్ ఉంటేనే ముట్టుకుంటరు. వాపస్ వచ్చిన ఒకాయనకు మళ్ల కోసి ముక్క తీసిండ్రు."

మళ్లీ కోసి. సైదమ్మ బెంచీ అంచు పట్టుకుంది.

"జిరాక్సు తీపియ్యరాదు?" అన్నాడు బొజ్జయ్య తాత.

"కాగితం ఐసుల తడిస్తే చింపిరి చింపిరి అయితది తాతా."

"గట్లయితే వైరు పెట్టి కలుపు. మా ఊళ్లె టీవీకి గట్లనే కలుపుతరు."

"ఆ వైరు ఎలుకలు కొరికినయి. కొత్తది తెప్పియ్యమని మన ఓనరు జకర్యా సారుకు మూడు నెలల నుంచి చెప్తున్న."

"ఎలుకలు మీ వైర్లు తింటయి, కోతులు మా మొక్కజొన్న తింటయి. మంచిగుంది" అని తాత మీసం కింద నవ్వుకున్నాడు. జోయెల్ నవ్వలేదు. మిషన్ కింద అంటించిన కాగితం మీది నంబరుకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

పాట ఒకటి నడిచింది. చాలాసేపు నడిచింది. గోడ గడియారం రెండూ నలభై. చివరికి ఒక ఆడగొంతు పలికింది, టీవీలో వార్తలు చదివినంత శుభ్రంగా.

"నమస్కారమండి. ప్రింటర్ మీద లైటు ఏ రంగులో ఉందో చెప్పగలరా?"

"నీలం. కొట్టుకుంటుంది మేడం."

"వెలిగి ఆరుతోందంటే అది నెట్‌వర్క్ కోసం వెతుక్కుంటోంది సార్. ఒకసారి ఆఫ్ చేసి, పదివరకు లెక్కపెట్టి ఆన్ చేయండి."

జోయెల్ ఆపాడు. సైదమ్మ లోలోపల లెక్కపెట్టింది. పది అయ్యాక ఎందుకైనా మంచిదని ఇంకో మూడు కలిపింది. ఆన్ చేస్తే మిషన్ ఒక్కసారి గుర్రుమని, మళ్లీ అదే నీలం, అదే మినుకు.

"సరే సార్. కాగితం బటన్ నొక్కి పట్టుకుని అలాగే ఆన్ చేయండి. ఒక చీటీ వస్తుంది."

ఈసారి మిషన్ కదిలింది. తెల్ల కాగితం నాలుక బయటపెట్టినట్టు మెల్లగా జారింది. "వచ్చింది! వచ్చింది సారూ!" అని సైదమ్మ రెండు చేతులూ జోడించేసింది. ఎవరికి మొక్కుతున్నదో ఆమెకే తెలియదు, భవానీ మాతకో, మిషన్‌కో.

"ఆగు అక్కా, ఇది పేరు చీటీ గాదు. దీని జాతకం." జోయెల్ చదివాడు. "మేడం, అడ్రస్ కాడ అన్నీ సున్నాలే ఉన్నయి."

"అంటే దానికి రౌటర్ అందట్లేదండి. రౌటర్ మీద లైట్లు వెలుగుతున్నాయేమో చూస్తారా?"

జోయెల్ లేవకుండానే అన్నాడు. "సైదక్కా, వెనక రూములకు పోయి డబ్బా మీద లైట్లు వెలుగుతున్నయా చూడు. ముట్టుకోకు. ఉత్తగ చూడు."

'ముట్టుకోకు' అనడానికి కారణం ఉంది. ఎండకు రక్తం చెడిపోతుందన్న భయంతో పోయిన నెల ఆమె గొట్టాల స్టాండు తీసి మంచం కింద పెట్టింది. అరగంట వెతుక్కున్న జోయెల్, "ఇంకోసారి ఏదన్న వస్తువు ఉన్నచోటి నుంచి కదిపితే జకర్యా సారుకు చెప్త, నీ ఇష్టం" అని వేలు చూపించి మరీ చెప్పాడు.

సైదమ్మ లోపలికి వెళ్లి చప్పుడు కాకుండా బీరువా తెరిచింది. దూది కట్టల మధ్య లైట్లు చక్కగా వెలుగుతున్నాయి. మళ్లీ మూసి తాళం వేసింది. "వెలుగుతున్నయ్ సారూ" అంది. అది అబద్ధం కాదు. అయినా జోయెల్ ముఖం చూడకుండా తాత బెంచీ పక్కకు పోయి నిలబడింది.

మూడూ ఐదు. ఫోన్ గొంతు పాస్‌వర్డ్ అడిగింది. అది జకర్యా సారు దగ్గర ఉంది. ఆయన ఫోన్ ఎత్తలేదు. కొత్తగా కలపాలంటే అది కావాలంది. జోయెల్ మెడ మీద చెమట కారుతోంది. సోని పేరు మళ్లీ నొక్కాడు, కోపానికి రెండుసార్లు.

మూడూ పదిహేనుకు బయట హారన్ మోగింది. గోప్యా బండి ముందే వచ్చేసింది. గోప్యాది సైదమ్మ పుట్టింటి తండా పక్కదే. తల గుడ్డతో మొహం తుడుచుకుంటూ లోపలికి వచ్చాడు.

"అన్నా, జల్దీ. బూర్గంపాడుల ఇంకో రెండు సెంటర్లున్నయి. కొత్తగూడెంల బస్సు నా కోసం ఆగది."

"స్టిక్కర్ వస్తలేదు గోప్యా. జర ఆగు."

"గియ్యాల ఏమున్నయి?"

"నా బిడ్డది" అంది సైదమ్మ.

గోప్యా ఆమె ముఖం చూశాడు. హాస్యం ఆడబోయి ఊరుకున్నాడు. "పది నిమిషాలు సైదక్కా. మీ తమ్మునిగ పది నిమిషాలు. అంతకు మించితే నా ఉద్యోగం పోతది."

ఫోన్లో ఆడగొంతుకు కూడా విషయం అర్థమైనట్టుంది. మాట నెమ్మదించింది. "సార్, కంగారు పడకండి. కంప్యూటర్లో నెట్ వస్తోందన్నారు కదా?"

"వస్తుంది మేడం. అదే నాకు సమజైతలేదు. దానికి వచ్చినప్పుడు దీనికి ఎందుకు రాదు?"

"కంప్యూటర్‌కి వైరు మీద వస్తుందండి. ప్రింటర్‌కి గాలి మీద రావాలి. రౌటర్‌ని ఏమైనా కొత్త చోటికి మార్చారా? గోడ చాటుకి, ముఖ్యంగా ఇనుము చాటుకి వెళితే గాలి మీద వచ్చేది అక్కడే ఆగిపోతుంది."

"లేదు మేడం. ఏడాది సంది కిటికీ గట్టు మీదనే ఉంది. ఎవ్వరు ముట్టుకోలే."

సైదమ్మ పై ప్రాణాలు పైనే పోయాయి. వైర్లు ఉంటే చాలని ఆమె అనుకుంది. నీళ్లు పైపులో వచ్చినట్టు నెట్టు వైర్లో వస్తుంది, వైరు ఎక్కడుంటే అక్కడికి పోతుంది అనుకుంది. గాలి మీద కూడా పోయేది ఉంటుందని ఆమెకు ఎవరు చెప్పారు? గంట నుంచి బిడ్డ పేరు ఈ గదిలో దారి దొరక్క తిరుగుతుంటే, తలుపుకు తాళం వేసింది తనే. చెవి తన బొడ్లోనే ఉంది.

చెబితే జకర్యా సారు పనిలోంచి తీసేస్తాడు. పని పోతే పక్కన దవాఖానాలో ఈ పలుకుబడి ఉండదు, రేపు రిపోర్టులో ఆ 'ఇంకోటి' వస్తే ఎవరిని పట్టుకుని తిరగాలి? ఆమె మనసు అంత దూరం పరిగెత్తి వచ్చేలోపు గడియారం ముల్లు ఒక్క గీత కదిలింది. కాళ్లు మాత్రం ఆమెను అడక్కుండానే వెనక గదిలోకి నడిచాయి.

తాళంచెవి రెండుసార్లు తప్పి మూడోసారికి దిగింది. తలుపులు బార్లా తెరిచి, డబ్బాను రెండు చేతులా ఎత్తి, వైర్లు రానిచ్చినంత దూరం బయటికి తెచ్చి రొమ్ముకు ఎదురుగా పట్టుకుంది. పురిటి బిడ్డను చుట్టాలకు చూపించినట్టు ముందు గదివైపు తిప్పి నిలబడింది. కిటికీ అవతల గోడ మీద పెద్ద కోతి ఆమెనే చూస్తోంది.

ఒక్క నిమిషం గడిచింది. ఏమీ కాలేదు. తను చెడగొట్టింది ఇక ఎప్పటికీ బాగుపడదేమో అనుకుంటుండగా ముందు గదిలో మిషన్ గుర్రుమంది. ఆపకుండా గురగురమంటూనే ఉంది.

"వచ్చింది! మేడం, లైటు నిలబడ్డది! స్టిక్కర్లు వస్తున్నయి!" జోయెల్ అరుపు. "నేను ఆపి పెట్టినందుకే పట్టుకుంది."

ఊరుకోవచ్చు. ఎవరికీ తెలియకుండా ఇంతటితో పోతుంది. కానీ డబ్బా కింద పెడితే మళ్లీ ఆగిపోతుందేమో, ఎవరైనా తెలియక ఇటు వచ్చి కదిలిస్తారేమో, సగం పేరే అచ్చయి మిగతా సగం గాలిలో ఉండిపోతుందేమో.

"సారూ!" అని కేక పెట్టింది. "నేను బీరువాల పెట్టిన. కోతులు ఎత్తుకపోతయని. ఇప్పుడు చేతుల పట్టుకున్న. నేను కదిలితే పోతదేమో, జల్దీ కానియ్యి!"

జోయెల్ తలుపు దగ్గరికి వచ్చి చూశాడు. డబ్బా ఎత్తి పట్టుకున్న సైదమ్మ, తెరిచిన బీరువా, దూది కట్టలు. "నిన్ను... నిన్ను పెట్టాలె అక్కా బీరువాల. నిన్ను పెట్టి తాళం వెయ్యాలె!"

"వెయ్యి సారూ. ముందు సీసాకు అంటించి వెయ్యి."

గోప్యా బండి స్టార్టు చేసిన చప్పుడు. జోయెల్ వెనక్కి ఉరికాడు. మిషన్ అప్పటికి మూరెడు పొడవు స్టిక్కర్లు కక్కింది, నొక్కినవన్నీ నొక్కినన్నిసార్లు. సైదమ్మకు అక్కడి నుంచి బల్ల కనిపించదు. చిరిగిన చప్పుడు ఒక్కటే వినిపించింది.

"పేరు చదువు సారూ!"

"అరె, టైం లేదక్కా."

"పెద్దగ చదువు! నీకు దండం పెడ్త, చదివి అంటించు!"

విసుగ్గా జోయెల్ గొంతు లేచింది. "చదువుతున్న. బొజ్జయ్య, అరవై రెండు..."

గొంతు అక్కడే ఆగింది.

"నా పేరు ఆ నీలం మూతకు ఎందుకు పెడ్తున్నవ్ రా సారూ?" అని బొజ్జయ్య తాత అడగడం వినిపించింది. "నాది ఎర్రమూత గద. నా మెడల ఏం గడ్డ లేదు."

సైదమ్మకు అర్థమైంది. నొక్కిన వరుసలోనే స్టిక్కర్లు కలగలిసి వచ్చాయి, సోని, సోని, బొజ్జయ్య, సోని, బొజ్జయ్య. తొందరలో జోయెల్ చెయ్యి ఒక గీత కిందికి పడింది. ఆ ముక్క తాత పేరు మీద ఖమ్మం పోయి ఉంటే? తాతకు గడ్డ అని రాసి వచ్చేది. తన బిడ్డకు దగ్గు మందులిచ్చి పంపేవాళ్లు. మెడలో అది మాత్రం లోపల లోపల...

"తాతా, ఇట్ల రా! జర రా తాతా!"

తాత కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆమె డబ్బాను ఆయన చేతుల్లో పెట్టింది. "గట్టిగ పట్టుకో. కదలకు. కోతి వస్తే అదిలించు."

"దీన్ని గాదు, నా కర్రను చూస్తే భయపడ్తది లే అది" అని తాత కర్ర చంకలో ఇరికించి, డబ్బాను దేవుడి పటంలా పట్టుకుని కోతికేసి కళ్లు ఉరిమాడు.

సైదమ్మ ముందు గదిలోకి పరిగెత్తింది. జోయెల్ ముఖం పాలిపోయి ఉంది. స్టిక్కర్ల దండ చేతిలోకి తీసుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు కూడబలుక్కుంటే వస్తాయి. ఎస్. ఓ. ఎన్. ఐ. పంతొమ్మిది. వేలు పెట్టి రెండోసారి చదివింది. మూడోసారి జోయెల్ చేత చదివించింది. సీసాను పమిట చెంగుతో తుడిచి, తడి లేకుండా చూసి, స్టిక్కర్ అంటించి, బొటనవేలితో అంచులన్నీ అదిమింది. లోపలి ముక్క కదిలింది. ఈసారి ఆమె తల తిప్పుకోలేదు.

గోప్యా ఫోన్ కెమెరా గీతల మీద పెట్టాడు. కీచుమంది.

"ఎవరి పేరు వచ్చింది తమ్మీ?"

"సోని. ఆడ. పంతొమ్మిది. సరేనా?"

"ఇంకోసారి పెట్టు."

"సైదక్కా!"

"ఒక్కసారి."

ఇంకోసారి కీచుమంది. అదే పేరు. తాత ఎర్రమూత డబ్బాకు జోయెల్ ఈసారి పేరు పెద్దగా చదివి మరీ అంటించాడు. రెండూ ఐసు పెట్టెలోకి పోయాయి. మూత పడింది. బండి కదిలి బొగ్గు లారీల దుమ్ములో కలిసిపోయేదాకా సైదమ్మ గుమ్మంలో నిలబడే ఉంది. దారిలో టైరు పగలొద్దు. పెట్టె మూత ఊడొద్దు. గోప్యా ఎక్కడా చాయ్‌కి ఆగొద్దు.

లోపలికి వచ్చేసరికి జోయెల్ తలపట్టుకుని కూర్చున్నాడు. ఫోన్లో ఆ అమ్మాయి ఇంకా లైన్లోనే ఉంది. "సార్, మీ సమస్య తీరిందా?" అని అడుగుతోంది. "తీరింది మేడం" అని పెట్టేశాడు.

ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి మెడ మీది చెమట తుడుచుకున్నాడు.

"సారుకు చెప్త అన్న గద నేను" అన్నాడు చివరికి.

"చెప్పు."

"ఏమని చెప్పాలె? నువ్వు బీరువాల పెట్టినవనా, నేను తాత పేరు అంటియ్యబోయిననా?" బల్ల మీద మిగిలిన స్టిక్కర్లు దగ్గరికి లాగాడు. "నాకూ పిల్లలున్నరు అక్కా. కోతులు రాకుండ ఆ కిటికీకి ఇనప జాలీ కొట్టిస్త. నువ్వు మాత్రం ఏదన్న కదిపినప్పుడు ఒక్క మాట చెప్పు, నీకు పుణ్యముంటది." మిగిలినవి ఉండచుట్టి బుట్టలో వేయబోయాడు.

ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నా బిడ్డ పేరుయి గవి."

"ఎక్కువొచ్చినయి. పారెయ్యాలె."

"బుట్టల పడితే ఏ సీసాకో అంటుకపోతయి. ఇంకెవరిదో రోగం నా బిడ్డ పేరు మీద రాస్తరు."

"చింపుదం అయితే."

చింపడమా? బిడ్డ పేరు, అదీ ఈ రోజు? ఆమె వాటిని తీసుకుని ఎటూ పాలుపోక నిలబడింది. గోడకు అంటిస్తే ఊడి పడతాయి. కొంగుకు అంటిస్తే ఉతుకులో పోతాయి. చివరికి ఎడమ చెయ్యి చాపి, మణికట్టు నుంచి మోచేతి దాకా, సోని పేరున్న నాలుగు స్టిక్కర్లూ ఒకదాని కింద ఒకటి తన ఒంటికే అంటించుకుంది. ఇక్కడైతే ఇంకెవరి సీసా మీదికీ పోవు.

"తల్లీ, ఇది దించొచ్చునా?" అని వెనక గదిలోంచి బొజ్జయ్య తాత అడిగాడు. "కోతి పోయి చాలాసేపయింది. నాకు చేతులు గుంజుతున్నయి."

నాలుగు గంటలకు సోని వచ్చింది, నర్సు చెయ్యి పట్టుకుని. మెడ మీద అరచేతంత తెల్ల కట్టు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నర్సు అప్పగించి వెళ్లిపోయింది. సైదమ్మ బిడ్డను బెంచీ మీద కూర్చోబెట్టి పక్కన కూర్చుంది, ముట్టుకుంటే ఎక్కడ నొస్తుందోనని చెయ్యి వేయకుండా.

"యాడీ, గదేంది నీ చేతికి?"

"ఏం లేదు బిడ్డా. మిషన్ల ఎక్కువొచ్చినయి."

"నా పేరు?"

"అవ్."

సోని మెడ తిప్పలేక, తల్లి చెయ్యినే తన కళ్ల ముందుకు లేపుకుని చూసింది. అలసటలోనే చిన్నగా నవ్వింది. "పిచ్చి యాడీ" అంటూ గోటితో ఒక స్టిక్కర్ అంచు లేపింది. రాలేదు. ఐసులో పెట్టినా తడిలో పడ్డా ఊడకుండా చేస్తారు వాటిని. రోమాలతో పాటు చర్మం లేచింది గానీ కాగితం లేవలేదు. సోని వదలకుండా మెల్లగా, ఊదుకుంటూ, గీకుతూనే ఉంది.

"రిపోర్టు ఎప్పుడొస్తది?"

"మంగళవారం."

"బండి పోయిందా?"

"పోయింది."

గంటన్నర నుంచి సైదమ్మ భయమంతా ఆ మిషన్ మీదే ఉంది. ఇప్పుడు మిషన్ నీలం లైటుతో నిలకడగా వెలుగుతోంది. భయపడడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. భయం మళ్లీ తన పాత చోటికి, ఆ తెల్ల కట్టు కిందికి వచ్చి చేరింది.

దారిలో ఏదీ ఆగకూడదని, ఖమ్మంలో ఏ మిషనూ మొరాయించకూడదని, మంగళవారం నాటికి కాగితం వచ్చెయ్యాలని ఆమె లోపల్లోపల భవానీ మాతకు మొక్కుకుంది. ఆ మొక్కు పూర్తి కాకముందే, రాకపోతేనే నయమేమో, ఇంకో వారం ఇట్లాగే గడిస్తేనే నయమేమో అన్న ఆలోచన దొంగలా దూరింది. సైదమ్మ ఉలిక్కిపడి బిడ్డ ముఖం చూసింది, వినిపించిందేమోనని.

సోని వంచిన తల ఎత్తలేదు. మొదటి స్టిక్కర్ సగం దాకా ఊడింది.